సెలీనా చెప్పని సంగతి

మూసాపేటలో ఆ సోమవారం కూడా మామూలుగానే తెల్లారింది. నీళ్ళ ట్యాంకరు సందుకు అడ్డంగా నిలబడి హారను మోగిస్తోంది. మెట్రో స్తంభాల కింద ఇడ్లీ బండి దగ్గర, మెడలో ఐడీ కార్డులు వేలాడేసుకున్న కుర్రాళ్ళు నిలబడే తినేస్తున్నారు. మూడో అంతస్తులో సుగుణమ్మ స్టవ్ పక్కన ఫోను ఆనించి పెట్టి, ప్రార్థన వింటూ కొబ్బరి పచ్చడికి తాలింపు వేస్తోంది. ఆసుపత్రి బస్సు అందుకోవాలన్న తొందరలో, తడి జుట్టు ముడేసుకుంటూ వంటింట్లోకి వచ్చింది కోడలు సెలీనా.

సుగుణమ్మ ప్రార్థన ఆపేసింది. ఆవిడ పాస్టరుగారి గొంతు మధ్యలో నొక్కేసిందంటే, అంతకన్నా ముఖ్యమైనదేదో కడుపులో ఉడుకుతోందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

“ఏమ్మా, నిన్న ఆ పిల్ల నిన్ను చూడగానే ఎందుకలా బిగుసుకుపోయింది?”

“ఏ పిల్ల అత్తమ్మా?”

“ఏ పిల్లా? నిన్న ఎంతమంది పిల్లల్ని చూసొచ్చామేంటి? ఆ కెజియా! ట్రే పట్టుకుని నీ ముందుకి రాగానే కప్పులన్నీ గడగడలాడాయి. నేను చూళ్ళేదనుకున్నావా?”

సుగుణమ్మ చూడకపోవడమా! చర్చిలో కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తూనే వెనక వరసలో ఎవరు కొత్త చీర కట్టుకొచ్చారో చెప్పగల మనిషి ఆవిడ. మొగుడు సాల్మన్ గారు కరెంటాఫీసులో పనిచేసి రిటైరై, ఇప్పుడు చర్చిలో సంఘ పెద్ద. ఎప్పుడో తెనాలి వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. పెద్దకొడుకు కిరణ్ పాల్ హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేరు ఉద్యోగి. అతని భార్య సెలీనా మెదక్ పిల్ల, గచ్చిబౌలి వైపు ఓ పెద్ద ఆసుపత్రిలో సీనియర్ నర్సు. చిన్నకొడుకు జోయెల్‌కి సంబంధం చూడ్డానికే ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ కలిసి నిజాంపేట వెళ్ళొచ్చారు.

పిల్ల నచ్చింది, కుటుంబం నచ్చింది, వాళ్ళు పెట్టిన గారెలూ కోడికూరా మరీ నచ్చాయి. ప్రధానం ఎప్పుడు పెట్టుకుందామన్న దాకా మాట వెళ్ళింది. అయితే కప్పులు గడగడలాడిన మాట నిజమే. కెజియా ఒకప్పుడు సెలీనా వార్డులో పేషెంటు. ఎందుకు చేరిందో, ఆ అమ్మాయికి ఏమయిందో మాత్రం నేనూ చెప్పను. సెలీనా కట్టుకున్న మొగుడికే చెప్పలేదు. ఆమె దాచినదాన్ని మనం ఇక్కడ కూర్చుని చెప్పుకుంటే, ఆ గారెలు తిని వచ్చిన వాళ్ళకీ మనకీ తేడా ఏముంటుంది?

కొత్తగా చేరిన నర్సులకు సెలీనా నేర్పే మొదటి పాఠం ఒకటుంది. ఆసుపత్రి బయట పేషెంటు కనబడితే, వాళ్ళు పలకరించేదాకా మనం పలకరించకూడదు. షాపులో గానీ, చర్చిలో గానీ, పెళ్ళిలో గానీ ముందు వాళ్ళు నవ్వాలి, తర్వాతే మనం. అందుకే నిన్న ఆమె కెజియా చేతిలోంచి కప్పు అందుకుని, జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు “థాంక్యూ అమ్మా” అంది. ఆ పిల్లకి పోయిన ఊపిరి తిరిగొచ్చింది. “మీరెక్కడ పని చేస్తారక్కా?” అని తనూ ఏమీ ఎరగనట్టు అడిగింది.

“అత్తమ్మా, మా దగ్గరికి ఎవరొచ్చిండ్రు, ఎవరు రాలేదు అని నేను చెప్పను. మీకు తెల్సు కదా,” అంది సెలీనా డబ్బాలో ఇడ్లీలు సర్దుకుంటూ.

“రాలేదని చెప్పొచ్చుగా మరి? రాలేదనడానికి ఏం రోగం?”

సెలీనా డబ్బాకి మూత పెట్టింది. ఈ అత్తగారు ఇదివరకూ చాలామంది గురించి అడిగింది. కింది వాటాలో వాళ్ళు, చర్చిలో పాటలు పాడే అమ్మాయి, ఆఖరికి పాస్టరుగారి బావమరిది. ఎవరి గురించి అడిగినా సెలీనాది ఒకటే జవాబు. ఒకరి గురించి రాలేదని చెప్పి ఇంకొకరి గురించి చెప్పనంటే, చెప్పని మనిషి వచ్చినట్టే కదా. అందుకని అందరికీ కలిపి ఒకే తాళం వేసింది.

“రాలేదని గూడ చెప్పను. ఎవ్వరి గురించీ చెప్పను.”

“చెప్పనంటే ఉందన్నమాటే,” అని తేల్చేసి సుగుణమ్మ తాలింపు పచ్చడిలో కుమ్మరించింది.

బస్సులో కూర్చున్నాక కూడా ఆ మాట సెలీనా చెవిలో కీచుమంటూనే ఉంది. నోరు విప్పితే ఆ పిల్ల బతుకు బజారుకెక్కుతుంది. విప్పకపోతే అనుమానంతో పెళ్ళి పోతుంది. ఏ తప్పూ చెయ్యని కెజియా, ఏ మాటా అనని తన వల్ల నష్టపోయేలా ఉంది. ఇదెక్కడి న్యాయమో ఆమెకి అంతుపట్టలేదు.

ఆ వారమంతా ఆ ఇంట్లో వేరే ముచ్చట లేదు. సుగుణమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. తోడికోడలికి ఫోన్ చేసింది, చెల్లెలికి చేసింది, నిజాంపేటలో ఎవరో దూరపు బంధువు ఉంటే ఆవిడకీ చేసింది. “పిల్ల మొహం పాలిపోయినట్టుంది కదూ?” అంటుంది. “నడిచేటప్పుడు కుడిపక్కకి కాస్త ఒరిగిందేమో?” అంటుంది. “గర్భసంచికి సంబంధించిందేమోనే, లేకపోతే ఆడపిల్లకి దాచుకునే రోగం ఇంకేం ఉంటుంది?” అని ఒక సాయంత్రం జంతికలు నములుతూ గట్టిగానే అనేసింది. అవతల ఫోనులో చెల్లెలు ఇంకేదో రోగం పేరు చెప్పింది. ఇద్దరూ అయ్యో అనుకున్నారు. తర్వాత మళ్ళీ జంతిక కొరికిన చప్పుడు.

సెలీనా గుమ్మంలో చెప్పులు విప్పుతూ అదంతా విన్నది. పదేళ్ళుగా ఆమె చేతులు చీమూ నెత్తురూ వాంతులూ ఎత్తాయి. పుండ్లలో పురుగులు పడ్డ ముసలాయన్ని కడిగి, పక్క మార్చి, ఆ చేతుల్ని శుభ్రం చేసుకుని అరగంటలో అన్నం తినగలదు. ఏనాడూ ఆమెకి అసహ్యం వెయ్యలేదు. ఆ పూట మాత్రం, కడిగిన ఇంట్లో, ఉతికిన చీర కట్టుకుని, శుభ్రమైన పళ్ళెంలోంచి జంతికలు తింటున్న అత్తగారిని చూస్తే కడుపులో దేవింది. వాళ్ళింటి గారెలు ఇంకా అరగక ముందే వాళ్ళ పిల్ల పొట్టకోసి చూస్తున్నారు! తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఇదే.

“రావమ్మా, సమయానికి వచ్చావు,” అంది సుగుణమ్మ ఫోన్ పెట్టేసి. “ఒక్కటడుగుతా చెప్పు. పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదువుతారా లేదా? ‘ఈ పెళ్ళికి అభ్యంతరమేదైనా ఎవరికైనా తెలిస్తే ఇప్పుడే చెప్పండి’ అని పాస్టరు అయ్యగారే అడుగుతారా లేదా? చర్చే అడిగి తెలుసుకుంటుంటే, ఇంటి కోడలివి, తెలిసీ నోరు కట్టేసుకుంటావా? రేపు దేవుడు నిన్ను అడగడా?”

ఆ వాదన తయారు చేసుకోవడానికి ఆవిడకి రెండు రోజులు పట్టినట్టుంది. మొహంలో విజయం కనబడింది.

“అయ్యగారు అడిగేది ఇదివరకే పెండ్లయిందా, రక్తసంబంధమా అని అత్తమ్మా. పిల్ల కడుపుల ఏముందని కాదు,” అంది సెలీనా. “నేను ఆసుపత్రిల నర్సును. మంచం మీద పడి, సిగ్గు విడిచి, బట్ట విడిచి ఉన్నోళ్ళు మమ్మల్ని నమ్మి అన్నీ చెప్తరు. అవి బయట చెప్తే నా రిజిస్ట్రేషన్ పోతది, కేసు గూడ అయితది. అది ఒక దిక్కు. కేసు కాకున్నా చెప్పను, అది ఇంకో దిక్కు.”

“ఆ పిల్ల నీకేమవుతుందని? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?”

సెలీనా టిఫిన్ డబ్బా సింకులో పెట్టింది. చెప్పి ఏం లాభం? గదిలోకి వెళ్ళి బట్టలు మార్చుకుంది.

కిరణ్ పాల్ కూడా ఆ సాయంత్రమే తన వంతు ప్రయత్నం చేశాడు. టీ కప్పు స్వయంగా తెచ్చి ఇచ్చాడు. ఇచ్చినప్పుడే ఆమెకి అనుమానం వచ్చింది.

“నాకొక్కడికే చెప్పు. అమ్మకి చెప్పను, ఒట్టు,” అన్నాడు.

“ఎవ్వరికీ చెప్పనని నాకు ఒట్టేస్తున్నవు. నేను గూడ ఎవ్వరికీ చెప్పననే కదా కిరణ్ ఒట్టేసింది? నా ఒట్టు ఉత్తది, నీ ఒట్టు గట్టిదా?”

అతను నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు చూసి సమస్య తీరిపోయిందనుకుంది పిచ్చిది.

శుక్రవారం పొద్దున్న డ్యూటీ మారే వేళ, బట్టలు మార్చుకునే గదిలో సుష్మ ఆమెని పక్కకి లాగింది. సుష్మ ఉద్యోగంలో కొత్త, సెలీనా కిందే పని నేర్చుకుంటున్న పిల్ల. మొహం ఎర్రబడి ఉంది.

“అక్కా, కోపం చేయొద్దు. నిన్న రాత్రి ఈ మెసేజ్ మీరే పంపిండ్రా?”

ఫోన్ చూసింది సెలీనా. తన నంబరు నుంచే వచ్చింది. ‘సుష్మా డియర్, చిన్న హెల్ప్. ఈ పేషెంటు పాత రికార్డు ఓపెన్ చేసి ఫొటో తీసి పంపవా. పర్సనల్. ఎవరికీ చెప్పకు.’ కింద కెజియా పేరు, ఇంటిపేరుతో సహా. ఆ పక్కన దణ్ణం పెడుతున్న బొమ్మ.

“లిఫ్టుల కూడ పేషెంటు పేరెత్తొద్దని మమ్మల్ని తిట్టేది మీరే కదక్కా. పైగా నన్ను డియర్ అని ఎన్నడన్న అన్నరా మీరు?” అంది సుష్మ. “నేను తెరిస్తే కంప్యూటర్ల నా పేరు పడతది. నా వార్డుల లేని పేషెంటుది ఎందుకు తెరిచినవ్ అంటే ఏం చెప్పాలె?”

“తెరిచినవా?”

“లేదక్కా. ఒట్టు.”

“దేవునికి స్తోత్రం,” అంది సెలీనా. ఆ తర్వాత వాష్‌బేసిన్ దగ్గరికి వెళ్ళి చేతులు మోచేతుల దాకా రుద్ది కడుక్కుంది.

నిద్రపోతున్న తన వేలు కిరణ్ పట్టుకుని ఫోను మీద ఆనించి తాళం తీసి, పంపిన మెసేజ్ చెరిపేసి ఉంటాడు. తను ఎంత నమ్మకంగా నిద్రపోయిందో! పక్కన పడుకున్న మనిషి ఆ చెయ్యిని చాటుగా వాడుకున్నాడని తలుచుకుంటే ఒళ్ళంతా జెర్రి పాకినట్టయింది. దొరికితే ఉద్యోగం పోయేది సుష్మకి. పేరు చెడేది తనకి. బతుకు పోయేది కెజియాకి. అతనికి మాత్రం ఏమీ కాదు.

దాచిపెడదామని ఆమె అనుకోలేదు. నేరుగా వార్డు ఇన్‌ఛార్జి రేఖా మేడమ్ దగ్గరికి వెళ్ళి, మెసేజ్ చూపించి, జరిగింది జరిగినట్టు చెప్పింది. తప్పు సుష్మది కాదని ముందే చెప్పింది. రేఖా మేడమ్ ఆ మెసేజ్ రెండుసార్లు చదివింది.

“నువ్వే వచ్చి చెప్పినవు కాబట్టి ఇది పైవాళ్ళకు నేను సర్దిచెప్తా,” అంది చివరికి. “కానీ సెలీనా, మీ ఇంటి గొడవ ఈ గేటు దాటి ఇంకోసారి లోపలికొస్తే నేను కాపాడలేను. ఇంట్లో తేల్చుకో.”

సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికి హాల్లో అందరూ ఉన్నారు. సాల్మన్ గారు సోఫాలో, సుగుణమ్మ పక్కన కింద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. కిరణ్ పాల్ ఇంటి నుంచే పని చేస్తున్నాడు, భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్. భార్య దగ్గరికి రావడం చూసి, అలవాటుగా తెర సగం దించేశాడు.

సెలీనాకి అక్కడే ఒళ్ళు మండింది.

“ఎందుకు మూసినవ్?”

“క్లయింటు స్క్రీన్. తెలుసుగా, ఎవరూ చూడకూడదు.”

“ఎవ్వరో అమెరికా కంపెనీ లెక్కలు నీ పెండ్లాం కంట పడొద్దు. ఒక ఆడపిల్ల ఒంటి సంగతి మాత్రం ఫొటో తీసి నీ కండ్ల ముందర పెట్టాలె. గంతే కదా?” ఆమె ఫోను బల్ల మీద విసిరింది. “డియర్ అట! దొంగతనం చేసినా జర నా లెక్క మాట్లాడొద్దా?”

కిరణ్ మొహం మాడిపోయింది. వలుస్తున్న చిక్కుడుకాయ వదిలేసి సుగుణమ్మ లేచింది.

“వాణ్ణి అనకు, నేనే చేయమన్నా. నువ్వు చెప్పకపోతే మేం ఎలా తెలుసుకోవాలి? జోయెల్ గాడు రేపు ఆ పిల్లని కట్టుకుని ఏడిస్తే నువ్వొచ్చి తుడుస్తావా?”

“ఆ పిల్లనడుగుండ్రి! నోరుంది కదా ఆమెకు. ఆమె తల్లిని అడుగుండ్రి. నడవడానికి కాళ్ళున్నయ్, అడగడానికి మొహం లేదా? దొంగచాటుగ ఎందుకు?”

“అలా మొహం మీద అడుగుతారా ఎవరైనా? మర్యాదగా ఉంటుందా?”

ఆ మర్యాద అన్న మాటకి సెలీనాకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అప్పుడు సాల్మన్ గారు గొంతు సవరించుకున్నారు. సంఘంలో తగువులు తీర్చేటప్పుడు వాడే గొంతు అది, నిదానంగా, బరువుగా ఉంటుంది.

“అమ్మా సెలీనా, వాడు చేసింది తప్పే. నేను కాదనను. కానీ పెద్దవాణ్ణి, నేను అడుగుతున్నాను. ఇది వంశానికి సంబంధించిన విషయం. ఆ పిల్లకున్న జబ్బేంటో ఒక్క మాటలో చెప్పెయ్. మనం మనం ఒక కుటుంబం. కుటుంబంలో దాపరికాలు ఉండకూడదమ్మా.”

సెలీనా ఆయన్నే చూసింది. రెప్ప వెయ్యకుండా చూసింది.

ఎందుకంటే ఈ పెద్దమనిషి సంగతి కూడా ఒకటి ఆమె దగ్గరుంది. మూడేళ్ళ కిందట సుగుణమ్మ చెల్లెలింటికి వెళ్ళిన రోజుల్లో, ఆమె డ్యూటీలో ఉండగానే ఆయన ఆటోలో ఆ ఆసుపత్రికే వచ్చాడు. స్ట్రెచర్ మీద నుంచి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని, మీ అత్తయ్యకి చెప్పకమ్మా, అబ్బాయిలకీ చెప్పకు అని బతిమాలాడు. ఆనాటి నుంచి ఈనాటి దాకా ఆమె చెప్పలేదు. ఆ చెయ్యి పట్టుకున్న మనిషే ఇవాళ దాపరికాలు ఉండకూడదంటున్నాడు. గురివింద గింజ తన కింద నలుపెరగదంటారు. ఈయన ఎరుగును, ఎరిగే అంటున్నాడు. అదే ఆమెకి అన్నిటికన్నా రోత పుట్టించింది.

ఒక్క మాట చాలు. ‘సరే మామయ్యా, మీతోనే మొదలుపెడదామా?’ అంటే చాలు, ఆ సోఫా మీద ఆ పెద్దరికం అంతా కుప్పకూలిపోతుంది. అత్తగారు మళ్ళీ జన్మలో ఎవరి గురించీ అడగదు. మాట నాలుక చివరిదాకా వచ్చింది.  పక్కింట్లో టీవీ సీరియల్ అరుపులు వినబడుతున్నాయి.

ఆమె ఆ మాటని మింగేసింది.

“నేను ఎవ్వరి సంగతీ చెప్పలేదు మామయ్యా,” అంది చాలా నెమ్మదిగా. “ఇగ ముందు గూడ చెప్పను. ఎవ్వరిదీ.”

తర్వాత గదిలోకి వెళ్ళి అలమారలోంచి సంచి తీసింది. “నర్సుల హాస్టల్‌ల ఉంట కొన్ని రోజులు,” అంది వెనకాలే వచ్చిన కిరణ్‌తో. “ఫోన్ పక్కన పెట్టుకుని నిద్రపోయే ధైర్యం నాకు ఈ ఇంట్ల లేదు.”

“పోనీరా, ఎంత పొగరు!” హాల్లోంచి సుగుణమ్మ గొంతు ఖంగుమంది. “బయటివాళ్ళ కోసం ఇంటివాళ్ళని కాదనుకునే కోడలు ఉంటే ఎంత, పోతే ఎంత!”

“సుగుణా, నోర్ముయ్.”

ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎప్పుడూ వినలేదు. సాల్మన్ గారు లేచి నిలబడ్డారు. సంఘ పెద్ద గొంతు పోయింది, ఎవరిదో ముసలాయన గొంతు మిగిలింది.

“సెలీనా వెళ్ళకూడదు. నేను చెప్పేది విని అప్పుడు ఎవరు వెళ్ళాలో చెప్పండి. నేను రోజూ వేసుకునేవి బీపీ మాత్రలు కావు.”

సుగుణమ్మకి అర్థం కాలేదు. “మరేంటవి?”

“నాకు భయమే. ఏ భయమని అడగొద్దు, నాకే తెలీదు. రిటైరయ్యాక మొదలైంది. రాత్రిళ్ళు గుండె దడదడలాడి చచ్చిపోతున్నానేమో అనిపించేది. నువ్వు మీ చెల్లెలింటికి వెళ్ళినప్పుడు ఓ రోజు అలాగే వచ్చింది. గుండెపోటే అనుకుని సెలీనా వాళ్ళ ఆసుపత్రికి పరిగెత్తా. గుండె బాగానే ఉందన్నారు. మనసు డాక్టరు దగ్గరికి పంపారు. మూడేళ్ళుగా ఆయన మందులే వాడుతున్నా.” ఆయన కళ్ళు తుడుచుకున్నారు. “సంఘంలో అందరి తల మీదా చెయ్యి పెట్టి ధైర్యంగా ఉండమని ప్రార్థన చేసేవాణ్ణి. నాకే పిచ్చి మందులంటే ఎవరైనా వింటారా? అందుకని ఈ అమ్మాయి కాళ్ళు పట్టుకున్నంత పని చేశా.”

 గుమ్మంలో అప్పుడే ఆఫీసు నుంచి వచ్చిన జోయెల్, హెల్మెట్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

సుగుణమ్మ మొగుడి వైపు కాదు, కోడలి వైపు తిరిగింది.

“నీకు తెలుసా? మూడేళ్ళుగా తెలుసా? నా మొగుడి సంగతి నాకు చెప్పలేదా! ముప్పై ఏళ్ళ పైగా కాపరం చేస్తున్న దాన్ని, పక్కలో పడుకునే దాన్ని, నాకు చెప్పకుండా నువ్వు దాచావా?”

“దాచింది కాబట్టే నేను రెండోసారి ఆ డాక్టరు దగ్గరికి వెళ్ళానే పిచ్చిదానా,” అన్నారు సాల్మన్ గారు. “నీకు చెప్తే నువ్వు మీ చెల్లెలికి చెప్పేదానివి, ఆవిడ ఊరంతా చెప్పేది. నేను మందు మానేసేవాణ్ణి. ఈపాటికి ఏమైపోయేవాణ్ణో. ఇందాక ఆ పిల్ల జబ్బు చెప్పమని అడిగా చూడు, సిగ్గులేకుండా. సెలీనా ఒక్క మాటతో నన్ను ఇక్కడే పాతెయ్యగలదు. నా మొహం చూసి కూడా పాతెయ్యలేదు. ఆ కెజియా వాళ్ళు వచ్చి మన గురించి వాకబు చేస్తే? పెళ్ళికొడుకు తండ్రికి మనసు బాగోదట అని వాళ్ళ వాళ్ళు జంతికలు తింటూ మాట్లాడుకుంటే?”

సుగుణమ్మ కింద చిక్కుడుకాయల మధ్య కూలబడింది. మొదట కోపంతో ఏడ్చింది. తర్వాత ఆ ఏడుపు మారిపోయింది. “రాత్రిళ్ళు మీరు లేచి కూర్చుంటే నీళ్ళకని అనుకున్నానండీ,” అంటూ మొగుడి పాదాలు పట్టుకుంది. “అటు తిరిగి పడుకునేదాన్ని. ఒక్కసారైనా ఏంటని అడగలేదు. ఊరందరి జబ్బులూ అడిగానే, మీదే అడగలేదు.” ఆయన ఆవిడ తల నిమురుతూ ఉండిపోయారు.

సెలీనా సంచి పట్టుకుని గుమ్మంలోనే నిలబడింది. ఆమెకీ కన్నీళ్ళు ఆగలేదు. గెలిచానని ఏమాత్రం అనిపించలేదు, అలసటగా మాత్రం ఉంది.

ఆ రోజు ఆమె హాస్టలుకి వెళ్ళలేదు. అలాగని అన్నీ మర్చిపోలేదు. కిరణ్ తప్పయిందని చెప్పి చెయ్యి పట్టుకోబోతే వెనక్కి తీసుకుంది. “నాకు కాదు, ముందు సుష్మకు చెప్పు. రేఖా మేడమ్ కాడికి వచ్చి నీ నోటితోని చెప్పు, ఆ మెసేజ్ నేనే పంపిన అని,” అంది. మర్నాడే అతను వెళ్ళాడు. ఆసుపత్రి క్యాంటీనులో తనకన్నా పదేళ్ళు చిన్న పిల్ల ముందు తలొంచుకుని నిలబడ్డాడు. సుష్మ క్షమించేసింది, చిన్నపిల్ల కదా. సెలీనాకి ఇంకొంత కాలం పట్టేలా ఉంది. ఆమె ఫోను తాళం మార్చుకుంది.

జోయెల్ ఎవరి సలహా అడగలేదు. ఆదివారం సాయంత్రం కెజియాని కలవడానికి ఒక్కడే వెళ్ళాడు. తన మందుల సంగతి ఆ పిల్లకి చెప్పమని సాల్మన్ గారే అనుమతి ఇచ్చి పంపారు. చీకటి పడే వేళకి తిరిగొచ్చాడు. ముందు సుగుణమ్మే ఎదురెళ్ళింది.

“ఏమందిరా?”

“మన సంగతి నేను చెప్పానమ్మా. తన సంగతి తను చెప్పింది. నాకు చెప్పింది,” అన్నాడు జోయెల్ షూ విప్పుకుంటూ. “ప్రధానం పెట్టుకుందాం.”

సుగుణమ్మ నోరు తెరిచింది. ఆ తెరిచిన నోట్లో ప్రశ్న ఆడుతూ ఉండడం అందరికీ కనబడింది.  ఆవిడ పెదవులు కదిలించి, మూసి, మళ్ళీ కదిలించింది. “అన్నం పెడతా, కాళ్ళు కడుక్కో,” అని లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ ఆ వయసులో ఎత్తిన అతి పెద్ద బరువు అదే అయి ఉంటుంది.

కొన్నాళ్ళ తర్వాత ఓ మధ్యాహ్నం, సెలీనా సెలవులో ఉండి వంటింట్లో పులుసు కలుపుతోంది. మగవాళ్ళెవరూ ఇంట్లో లేరు. సుగుణమ్మ వచ్చి ఫ్రిజ్ తెరిచింది, ఏమీ తియ్యకుండా మూసింది. డబ్బాలు అటూ ఇటూ సర్దింది. పొడి గుడ్డతో తుడిచిన గట్టునే మళ్ళీ తుడిచింది.

“ఏంది అత్తమ్మా?”

సుగుణమ్మ వెళ్ళి వంటింటి తలుపు దగ్గరగా వేసింది. తిరిగొచ్చి కోడలి పక్కన నిలబడింది. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. ఆవిడ అంత చిన్న గొంతుతో మాట్లాడడం సెలీనా అంతకుముందు వినలేదు.

“అమ్మాయ్, నాకు చాన్నాళ్ళ నుంచి ఒకటి ఉంది. ఎవరికీ చెప్పలేదు. ఆయనక్కూడా చెప్పలేదు. చెప్పాలంటే సిగ్గు, చెప్పకపోతే భయంగా ఉంది.” ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “నీకు చెప్తే... ఎవరికీ చెప్పవుగా?”

సెలీనా పులుసు కింద మంట ఆర్పేసింది. చేతులు కడుక్కుని, తుడుచుకుని, స్టూలు లాగి అత్తగారిని కూర్చోబెట్టింది. ఎదురుగా కింద తను కూర్చుని ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది.

“చెప్పుండ్రి అత్తమ్మా,” అంది.